గంట కొట్టకముందే కూర్చున్న మా సుగుణక్క

మా చిన్నప్పుడు... మనుబోలు స్టేషన్లో పొద్దున్నే ప్యాసింజరెక్కి చదువుకోను పోయే ఆడపిల్ల మా సుగుణక్క ఒక్కతే. నెల్లూరులో ఒక మగపిల్లల కాలేజీలోకి ఆడపిల్లల్ని అప్పుడే కొత్తగా తీసుకున్నారు. అక్కతోపాటు ఆమె అన్నం క్యారేజీ నేను మోసుకుంటూ స్టేషన్ దాకా వెళ్ళి, నేనే కాలేజీలో చేరినంత గొప్పగా తిరిగొచ్చేదాన్ని...

అక్క క్లాసులో ఆడపిల్లలు నలుగురు. గంట కొట్టినా వాళ్ళు లోపలికి పోకూడదు. వరండాలో గోడకానుకుని నిలబడాలి. మేష్టారు వచ్చాక ఆయన వెనకాలే వరసగా వెళ్ళాలి, ఆయనతోపాటే బయటికి రావాలి... కోడిపిల్లల్లా! అలా పోతుంటే వెనక బెంచీల్లోంచి ఈలలు. ఆ ఈలలేసేవాళ్ళకు మాత్రం ఏ రూలూ లేదు.

ఒకరోజు నలుగురూ గంట కొట్టకముందే పోయి ముందు బెంచీలో కూర్చున్నారు. కేకలు లేవు, జెండాలు లేవు. ఊరికే కూర్చున్నారంతే... మగపిల్లలంతా లేచి బయటికి పోయారు. మేష్టారు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. మర్నాడు కాలేజీవాళ్ళు తండ్రుల్ని పిలిపించి, ఆ నలుగురూ అందరి ముందూ క్షమాపణ చెబితేనే మళ్ళీ రానిస్తామన్నారు.

ముగ్గురు చెప్పారు. వాళ్ళని నేనేమీ అనను, చదువు మీద ఆశ అలాంటిది. మా అక్క చెప్పనంది.

"ఏం తప్పు చేసినామని నాయనా? బెంచీలోనే గదా కూసున్నాం!"

మా నాయన బడిపంతులు. "నువ్వు చెప్పేది న్యాయమేమ్మే... ఊళ్ళో నేను తలెత్తుకోని తిరగాల గదా" అన్నాడు. న్యాయమని తెలిసే చదువు మాన్పించాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నాకు ఆ కోపం పోలేదు.

మరుసటేడు ఆ ముగ్గురిలో ఒకామె మా ఇంటికొచ్చింది. "ఇప్పుడు మేమే ముందు పోయి కూసుంటుండాం సుగుణా! ఎవురూ ఏమీ అనడంలా" అని సంబరంగా చెప్పింది. అక్క రోట్లో పిండి తోడుతోంది. "మంచిదేమ్మే" అంది, తలెత్తకుండా. ఆమె వెళ్ళాక మాత్రం పిండి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది.

అక్క మళ్ళీ పుస్తకం ముట్టకుండానే పోయింది. ఇప్పుడు మా మనవరాలు కాలేజీలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటుంది. అదొక విషయమని కూడా దానికి తెలియదు. సంతోషమే... కానీ అక్కని తలుచుకుంటే నా కడుపు మండుతుంది.

మీ ఇళ్ళల్లో కాలేజీకి మొదట వెళ్ళిన ఆడపిల్ల ఎవరు? ఆమె గురించి చెప్పండి... ఆమెనైనా చదువు పూర్తి చేయనిచ్చారా?