సరేగారు కాదన్న రోజు

మా చిన్నమామయ్యను వీధిలో అందరూ ‘సరేగారు’ అనేవారు. సోఫాలకు గుడ్డ తొడగడం ఆయన పని. రేపటికల్లా కావాలన్నా సరే, కూలిలో సగమే ఇస్తామన్నా సరే. ఆ నోట మరో మాట వచ్చేది కాదు.

ఒకనాడు వెనక్కి వస్తున్న లారీ కొట్టు గోడను కూల్చి, ఆయన కుడిపాదాన్ని నలగ్గొట్టింది. మిషను తొక్కే పాదం అది. లారీ యజమాని రాజీకి వచ్చేసరికి చాలాకాలం పట్టింది. ఈలోగా కొట్టు యజమానురాలికి అద్దె ఆగిపోయింది. గుడ్డల షావుకారు పాత బాకీ అలాగే ఉండిపోయింది. ఆసుపత్రి ఖర్చుకు మా అమ్మ తన గాజులు అమ్మేసింది. ముగ్గురూ వేర్వేరుగా వచ్చి, “కేసు డబ్బు రాగానే ముందు నాకే” అన్నారు. మామయ్య ముగ్గురికీ సరే అన్నాడు.

డబ్బు వచ్చిన రోజు ముగ్గురూ లాయరుగారి గదిలో ఎదురుపడ్డారు. అమ్మకు తోడుగా నేనూ వెళ్ళాను.

“ముందు నాకన్నాడు” అంది కొట్టు యజమానురాలు.

“భలేవారే! నా గుమ్మంలో నిలబడి నాకు మాటిచ్చాడు” అన్నాడు షావుకారు.

“వాడు నా తోడబుట్టినవాడు. ఈ బోసి చేతులు చూడండి” అంది అమ్మ.

లాయరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నా ఫీజు పోను మిగిలింది మీ ముగ్గురికీ చాలదు. పైగా ముగ్గురూ మొదటివాళ్ళేనంటే నేనేం చెయ్యను? ఏమయ్యా, నువ్వే చెప్పు.”

మామయ్య చేతికర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“ముందు ఎవరికీ కాదండీ.”

లాయరుగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

“ముందు మోటారు మిషను కొనాలి. దానికి ఎడంకాలు ఆనిస్తే చాలు. మిగతాది బాకీల్ని బట్టి ముగ్గురికీ పంచండి. తక్కిన బాకీ నెలనెలా కుట్టి తీరుస్తా. మిషను లేకపోతే, ఇవాళ మీ చేతికొచ్చిందే ఆఖరు.”

“ఒరేయ్, నీకు కాదనడం కూడా వచ్చట్రా!” అమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“మరి గుడ్డ ఎక్కడ కొంటావ్?” అన్నాడు షావుకారు అనుమానంగా.

“మీ దగ్గరే. ఈసారి రొక్కమిచ్చి.”

షావుకారు మెత్తబడ్డాడు. యజమానురాలు మాత్రం, “అన్నిటికీ సరే అన్న మనిషిని ఎలా నమ్మను?” అంది.

“అందుకే నమ్మండి వదినగారూ” అంది అమ్మ. “ఆలోచించి మాట్లాడ్డం వీడికి ఇదే మొదలు.”

ఆవిడ అమ్మ చేతుల వంక కాసేపు చూసి, “సర్లే, కొననివ్వండి” అంది.

ఇప్పుడు ఆ కొట్లో మోటారు మిషను గుయ్యిమంటోంది. అమ్మకు గాజులింకా రాలేదు. మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని, కుట్టిన గలీబులకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. నిన్న యజమానురాలు తన సోఫా పంపించి, వెనకే తనూ వచ్చింది.

“కూలి అద్దె బాకీలో కోసుకో. రేపు చుట్టాలొస్తున్నారు, పొద్దున్నకల్లా కావాలి. సరేనా?”

మామయ్య మిషను ఆపలేదు.

“కాదండీ. ఎల్లుండి.”