రెండు తీర్పులూ నావే

నా చిన్నప్పుడు, ఇంకా మడత ఫోన్ల కాలంలో, సియాటిల్ పక్కన బాతెల్‌లో మా ఇల్లు. మాతో పాటు మా అమ్మమ్మ ఉండేది. ఎప్పుడో డెబ్బైలలో ఈ దేశానికి వచ్చి, పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ మాటకు ఎదురు లేదని అందరూ అనేవారు. నిజానికి ఎదురు చెప్పేవాళ్ళు ఉండేవారు, ఆవిడే వినేది కాదు.

ఆ రోజుల్లో మనవాళ్ళలో ఎవరికైనా సిటిజన్‌షిప్ వస్తే చాలు, ముందుగా వచ్చినవాళ్ళు ఒక విద్య నేర్పేవారు. కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోమని, అంటే జ్యూరీ డ్యూటీకి, కోర్టు నుంచి పిలుపు వస్తే ఎలా తప్పించుకోవాలన్నదే ఆ విద్య. మా నాన్న స్నేహితుడు ఒకాయన అందులో ఆరితేరినవాడు. రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పొద్దస్తమానం ఇంగ్లీషులో మీటింగులు నడిపే ఆ అంకుల్, తనకు పిలుపు రాగానే ఇంగ్లీషు సరిగ్గా రాదని చెప్పి బయటపడ్డాడట. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో ఆ కథ చెబితే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

అమ్మమ్మకు పిలుపు వచ్చిందని తెలిసి ఆయన ఫోన్ చేసి మరీ ఆ చిట్కా చెప్పాడు. అమ్మమ్మ శ్రద్ధగా విని, థాంక్స్ చెప్పి, మర్నాడు గంజి పెట్టిన చీర కట్టుకుని కోర్టుకు వెళ్ళింది. పన్నెండు మంది జ్యూరీలో ఆవిడను కూర్చోబెట్టారు. కేసు నడుస్తున్నన్ని రోజులూ దాని గురించి ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడకూడదని జడ్జి చెప్పాడట. ఎప్పుడూ వాగే మనిషి భోజనాల దగ్గర మూగగా కూర్చుంటే మాకు ఇల్లు ఇల్లులా అనిపించలేదు.

మా బడికి సెలవున్న ఒక రోజు అమ్మా నేనూ ఆవిడను తీసుకురావడానికి కోర్టుకు వెళ్ళాం. తీర్పు తయారైందన్నారు. వెనక బెంచీలో కూర్చున్నాం. కేసేమిటో అమ్మమ్మ తర్వాత చెప్పింది, నేను ఇక్కడే చెప్పేస్తాను. ఒక కారు ఎర్ర లైటు దాటి దూసుకొచ్చి, రోడ్డు దాటుతున్న ఒక ముసలాయనను గుద్ది, ఆగకుండా పోయింది. పాపం ఆయన తుంటి విరిగింది. కారులో ఇద్దరు కుర్రాళ్ళున్నారు. పట్టుబడినవాడి మీద రెండు నేరాలు మోపారు. గుద్ది గాయపరచడం పెద్దది, ఆగకుండా పారిపోవడం చిన్నది. కారు నడిపింది నేను కాదు, నా ఫ్రెండ్ అన్నది వాడి వాదన. అంటే కేసంతా ఒక్క ప్రశ్న మీదే ఉంది. నడిపింది వాడే అయితే రెండు నేరాలూ వాడివే. వాడు కాకపోతే రెండూ వాడివి కావు.

మొదటి నేరానికి దోషి కాదని చదివారు. ముందు బెంచీలో కూర్చున్న ఆ కుర్రవాడి తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో నేరానికి దోషి అని చదివారు. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక లాయరు వైపు చూసింది. చదవడంలోనే ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను నేను. ఆ లాయరు లేచి, జ్యూరీలో ఒక్కొక్కరినీ విడిగా అడగమని కోరాడు. ఇది మీ తీర్పేనా అని జడ్జి వరసగా అడుగుతూ వచ్చాడు. కొందరు ఒళ్ళోకి చూసుకుంటూ గొణిగారు. అమ్మమ్మ మాత్రం తల ఎత్తి, తన తెలుగు యాస ఇంగ్లీషులో, వెనక బెంచీ దాకా వినబడేలా అంది, ఔను, రెండూ నావేనని.

ఆ ఆదివారం మా ఇంట్లో భోజనాలు. ఈ సంగతి అప్పటికే అందరికీ పాకింది. రెడ్‌మండ్ అంకుల్ పళ్ళెం పట్టుకుని మొదలుపెట్టాడు.

"ఇదేం లాజిక్ ఆంటీ? సింపుల్ ఇఫ్ కండిషన్ కదా! డ్రైవ్ చేసింది వాడైతే రెండూ ట్రూ, కాకపోతే రెండూ ఫాల్స్. మా టీమ్‌లో ఎవడైనా ఇలాంటి కోడ్ రాస్తే రివ్యూలోనే రిజెక్ట్ చేస్తాను."

అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు, అదే నాకు గుచ్చుకుంది. అంతటితో ఊరుకోక ఆయన నా వైపు తిరిగి, మ్యాథ్ టీమ్‌లో ఉన్నావుగా, నువ్వే చెప్పమన్నాడు. నేను అమ్మమ్మ మొహం చూశాను. మేక్ సెన్స్ అవదు అంకుల్ అన్నాను. అది నిజం, ఇప్పటికీ అదే అంటాను.

అమ్మమ్మకు కోపం రాలేదు. నా వైపు చూపించి, దీని లెక్క సరైనదే అంది. తర్వాత ఆ గదిలో ఏం జరిగిందో చెప్పింది. వాడే నడిపాడని తనకూ మరో ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. మిగతావాళ్ళకు కుదిరింది. వాళ్ళలో ఒకామె తండ్రిది కూడా ఆ ముసలాయన వయసే, ఆమె ఏడ్చేసింది. శిక్ష సంగతి మీకు అనవసరమని జడ్జి చెప్పాడు గాని, ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియని పసివాళ్ళెవరూ అక్కడ లేరు. పన్నెండు మందీ ఒక మాట మీదకు రాకపోతే కేసు మళ్ళీ మొదటికి రావచ్చు, బెయిలు కట్టలేని ఆ కుర్రవాడు మళ్ళీ జైల్లో ఎదురుచూడాలి. అరుచుకుని, అలిగి, అలిసిపోయి, చివరికి పెద్దది కొట్టేసి చిన్నది ఉంచడం, అందరూ నిలబడగలిగిన చోటు అదొక్కటే దొరికింది. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు.

"లాజిక్ లేదు నాయనా, ఒప్పుకుంటున్నాను," అంది ఆ అంకుల్‌తో. "కానీ ఒక పిల్లాడి బతుకు తేల్చాల్సిన రోజున ఈ లాజిక్ ఉన్నవాళ్ళంతా ఎక్కడున్నారు? ఇంగ్లీషు రాదని చెప్పి ఇంట్లో కూర్చున్నారు. నేను మళ్ళీ పిలిచినా వెళ్తాను. ఆ పెరుగు ఇటు అందుకో."

ఆయన అందించాడు. ఇంగ్లీషు రాదన్న ఆ కథ మళ్ళీ మా ఇంట్లో చెప్పలేదు. మిగతా ఇళ్ళల్లో చెప్పే ఉంటాడు.

ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ నేను వదల్లేదు. వాడు నడపలేదని నీకు అనిపించినప్పుడు, వాడిది కాని నేరం సగం వాడి నెత్తిన పెట్టినట్టే కదా అని అడిగాను. ఏదో ఒకటి చెప్పి సర్దుకుంటుందనుకున్నాను. పెట్టాను అంది. అది తప్పయితే ఆ తప్పు నాతోనే ఉంటుంది, చేతికి మరక అంటకూడదనుకునేవాళ్ళు ఆ గదిలోకి రాకూడదు అంది. శిక్ష చెప్పే రోజున ఎవరూ పిలవకపోయినా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. అప్పటిదాకా జైల్లో గడిపినదే శిక్షగా లెక్కకట్టి ఆ కుర్రవాణ్ణి ఇంటికి పంపారు. తల్లి వాణ్ణి పట్టుకుని బయటికి నడిపించుకుపోవడం చూసి వచ్చానని చెప్పి, ఆ వేళ రెండు పూటల అన్నం ఒక్కసారే తినేసింది.

ఇప్పుడు చుట్టాల పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలిచే వయసు వచ్చింది. నలుగురితో కలిసి తేల్చిన పనుల్లో నాకు సగమే నచ్చినవి చాలా ఉన్నాయి. ఎవరైనా నిలదీస్తే, అది వాళ్ళ పట్టు, నాది కాదు అని తప్పుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు. నేను తప్పుకోను. మొత్తం నాదేనంటాను, తిట్లు కూడా మొత్తం తింటాను. ఆ తీర్పులో పొంతన లేదని ఎవరన్నా ఒప్పుకుంటాను. మా అమ్మమ్మ ఆ గదికి వెళ్ళకుండా ఉండాల్సిందని మాత్రం నా ముందు ఎవరినీ అననివ్వను.