బిర్కత్ అల్ అవామిర్‌లో మా ఊరి జనాభా

శుక్రవారం మధ్యాహ్నం రెండుంబావుకు దోహాలోని అల్ జదీదాలో మా అమ్మాయి ఇంటి నుంచి బయలుదేరాను. చేతిలో సకినాల డబ్బా. పని ఒక్కటే: నా తమ్ముడి కొడుకు రమేశ్‌ను మా ఊరివాళ్ళు మళ్ళీ తమతో కలిపి అన్నం తిననిచ్చేలా చేయడం.

రమేశ్ చేసిన తప్పేమీ లేదు. చేసింది వాళ్ళ నాన్న. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో కోడిమాంసం అమ్మే హక్కును ఊరి కమిటీ వేలం వేసింది. పాడుకున్నవాడి దగ్గరే ఊరంతా కొనాలి. మా తమ్ముడు పక్క ఊరి నుంచి ఒక కోడి కొని తెచ్చుకున్నాడు. ఆ ఇంటితో మాటామంచీ బంద్ అని కమిటీ చాటింపు వేయించింది. ఆ చాటింపు వాట్సాప్‌లో సముద్రం దాటి, ఇక్కడ రమేశ్, మా ఊరివాళ్ళు ఉండే కూలీల క్యాంపుకు చేరింది. మర్నాటి నుంచి రమేశ్‌కు మా ఊరివాళ్ళ కుండలో కూడు లేదు. డ్యూటీ దిగి వచ్చి ఎండు ఖుబ్బూస్ రొట్టె నములుతున్నాడు.

మెట్రోకు రెండు రియాళ్ళు. అల్ వక్రాలో దిగి, క్యాంపు ఉన్న బిర్కత్ అల్ అవామిర్‌కు బస్సెక్కాను. పక్క సీట్లో కడప జిల్లా హౌస్ డ్రైవర్.

"ఆడోల్లు ఎవురూ దిగరు పెద్దమ్మా ఆడ. యాడికి పోతాండావు?"

"మా ఊరికి" అన్నాను. అతను నా ముఖం వంక అనుమానంగా చూశాడు.

ముప్పై ఏళ్ళు బడిలో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి, నా తర్వాత వెళ్ళేవారి కోసం ఈ స్థల వివరాలు. ఒక పక్క లారీల యార్డు, ఒక పక్క గోదాములు, మిగతా రెండు పక్కలా ఇసుక. నదులు లేవు, ట్యాంకర్లు ఉన్నాయి. పంట: తీగల మీద ఆరేసిన నీలం చొక్కాలు. జనాభా మొత్తం మగవాళ్ళే. స్త్రీలు: నేను దిగాక ఒకరు. మా ఊరివాళ్ళు పదకొండు మంది. ఊళ్ళో కూడా అంతమంది కుర్రాళ్ళను ఒకచోట చూసి చాలా కాలమైంది.

క్యాంపులోకి ఆడవాళ్ళను రానివ్వరు. గేటు ఎదుటి చాయ్ హోటల్‌కే అందరినీ పిలిపించాను. పదిమంది ఒక బల్ల దగ్గర కూర్చున్నారు, రమేశ్ ఇంకో బల్ల దగ్గర. మా ఊరి పొలిమేర ఆ రెండు బల్లల నడుమ నుంచి పోతోంది.

"నిన్న ఏం వండుకున్నారు రాజన్నా?" వాళ్ళలో పెద్దవాణ్ణి అడిగాను.

"కోడికూర అక్కా."

"ఎక్కడి కోడి?"

రాజన్న చాయ్ ఊదుకున్నాడు. వెనక బల్ల నుంచి రమేశ్ అందుకున్నాడు. "బ్రెజిల్ కోడి అత్తా. సంచి మీద రాసుంటది."

పక్క ఊరి కోడి తింటే ఊరికి ద్రోహం. సముద్రాలు దాటి గడ్డకట్టి వచ్చిన కోడికి మాత్రం ఏ కట్టుబాటూ లేదు. "బ్రెజిల్ వాడు మన కమిటీ వేలం పాడాడా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ముందుగా ఆపింది రాజన్నే. "నవ్వుడు అల్కనే అక్కా. రేపు నా ఇంటికి నల్లా బంద్ చేస్తే, నా పెండ్లానికి నీళ్లు నువ్ మోస్తవా?"

డబ్బా మూత తీసి రెండు బల్లల మధ్య కుర్చీ మీద పెట్టాను. "అందరికీ ఒకటే డబ్బా. ముందు రమేశ్, తర్వాత మీరు."

రమేశ్ ఒకటి తీసుకున్నాడు. నువ్వుల వాసనకు రాజన్న చెయ్యి డబ్బా దాకా వచ్చింది. అంతలో చివర కూర్చున్నవాడు జేబులోంచి ఫోన్ తీశాడు. టైమ్ చూసుకోవడానికే కావచ్చు, ఫొటో తీసి ఊరికి పంపడానికీ కావచ్చు. రాజన్న చెయ్యి వెనక్కి పోయింది. ఇంకెవ్వరూ కదల్లేదు.

రమేశ్‌తో పనిచేసే నేపాలీ మేస్త్రీ అటుగా వచ్చాడు. సంగతి విని, "ముర్గీ కే లియే? కోడి కోసమా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండు సకినాలు ఒకేసారి నోట్లో వేసుకుని, "యల్లా, పద భాయ్, ఇక నుంచి మా కుండలో తిను" అని హిందీలో చెప్పి, రమేశ్ భుజం పట్టుకుని లేపాడు. డబ్బా అతని చేతికే ఇచ్చేశాను.

ఆరు గంటల బస్సు కోసం నిలబడ్డాను. రాజన్న ఒక్కడే వెనకాల వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, సకినాలు ఏమన్న మిగిలినయా?"

"నేపాల్‌లో అడుగు" అన్నాను.

బస్సు కదిలింది. వివరాలు సరిచేసుకోవాలి: బిర్కత్ అల్ అవామిర్‌లో స్త్రీలు మళ్ళీ ఎవరూ లేరు. మా ఊరి జనాభా పది. నేపాల్ జనాభా ఒకటి పెరిగింది, సకినాలతో సహా.