సునీత ఫారంలో నా చేతిరాత

ఒకరి ఫారం ఇంకొకరు నింపొచ్చా? ఈ ప్రశ్న ఏళ్ల తరబడి నాతోనే ఉన్నది.

నిన్న మా యూనివర్సిటీ క్యాంపస్‌లో స్కూలు పిల్లలకు కోర్సుల గురించి చెప్తుంటే, ఒక పాప తన అడ్మిషన్ ఫారానికి ఫొటో అంటించింది. ఆ గమ్ము వాసనకు తార్నాకలో మా పాత ఇల్లు గుర్తొచ్చింది. మీకూ యాదికున్నదా, మూత దగ్గర గడ్డకట్టిన ఆ గమ్ము సీసా?

పదో తరగతి అయినంక, నా దోస్తు సునీత మెట్టుగూడ నుంచి ఇంటర్ ఫారం పట్టుకొని మా ఇంటికొచ్చింది.

"నీ రాత మంచిగుంటది, నువ్వే నింపవే. హిస్టరీ ఉన్న గ్రూపు రాయి."

"పిచ్చిదానా, నా లెక్క ఎంపీసీ తీసుకో. ఇద్దరం ఒకే బస్సుల పోదాం," అని నేనే ఎంపీసీ రాసేసిన. అది నవ్వి సంతకం పెట్టింది. లెక్కల్లో రెండుసార్లు ఫెయిలై చదువే మానేసింది.

"మేడం, మీరే నింపండి," అన్నది నిన్నటి పాప. పెన్ను తిరిగి తన చేతికే ఇచ్చిన.

ఆ రోజు సునీత మంచి కోరి రాసిన్నో, బస్సులో నాకు తోడు కోసం రాసిన్నో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న.