వెనక చక్రాల సంగతి

నవంబరు, మూడో శనివారం, ఉదయం తొమ్మిది. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఫ్రిస్కో నుంచి స్పీకర్ ఫోన్‌లో మా బావమరిది. చర్చించవలసిన విషయం: మంచు టైర్లు వేయించాలా, వద్దా.

ఇది నా పాత డైరీలో ఒక పేజీకి తలకట్టు. మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేశాక వెతికి తీశాను. తను ఉద్యోగం మారి కొత్తగా, మంచుకు పేరుపడ్డ మిన్నియాపొలిస్ చేరింది. "నాన్నా, నేను స్నో టైర్స్ కొనాలా, వద్దా? నా కార్‌కి ఆల్ వీల్ డ్రైవ్ ఉంది. జస్ట్ యెస్ ఆర్ నో చెప్పు, లాంగ్ స్టోరీ వద్దు," అంది. పుట్టినప్పటి నుంచీ నన్ను చూస్తున్న పిల్ల, ముందరి కాళ్లకు బంధం వేసింది. "వేయించు. నాలుగూ," అన్నాను. "ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా?" అంది. "అది నాలుగు చక్రాలూ లాగి బండి కదలడానికి. ఆగడానికి కాదు," అన్నాను. "ఓకే," అని పెట్టేసింది. ఇంత రూఢిగా ఎలా చెప్పగలిగానని అడగలేదు. పద్దెనిమిదేళ్ల కిందట ఆ సమావేశంలో తనూ ఉందని కూడా మరిచిపోయింది. అడగలేదు కనుక ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడాది ఆగస్టులో మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కో వదిలి న్యూయార్క్ రాష్ట్రానికి వచ్చాం. న్యూయార్క్ అనగానే బంధువులంతా ఆకాశాన్నంటే మేడలు ఊహించుకున్నారు కాని, మేమున్నది ఆ రాష్ట్రం పైకొసన, సముద్రమంత సరస్సు పక్కన, మొక్కజొన్న చేల మధ్యనున్న చిన్న ఊరు. అక్కడ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ నా పని. కొలవనిది ఏదీ నమ్మకూడదన్నది వృత్తి నేర్పిన అలవాటు. వంటింటి కిటికీ బయట ఉష్ణమాపకం తగిలించి, రోజూ ఉదయం ఆరింటికి దాని అంకె డైరీలో రాసేవాణ్ణి. ఎందుకని మా ఆవిడ అడిగితే, "ఎప్పుడో పనికొస్తుంది," అనేవాణ్ణి. మాకు మంచు సంగతి తెలిసింది టెక్సాస్‌లోనే. అక్కడ ఏడాదికో రోజు రోడ్డు మీద గాజుపొరలా గడ్డకట్టేది, స్కూళ్లూ ఆఫీసులూ మూసేసేవారు, మేము ఇంట్లో కూర్చుని పకోడీలు వేసుకునేవాళ్లం. ఇక్కడ మోకాలి లోతు పడ్డా ఎవరూ ఏమీ మూయరని, పకోడీల ప్రసక్తే లేదని వచ్చాకే తెలిసింది.

ఇక మా ఆవిడ ఉద్యోగం. కాకినాడలో తొమ్మిదేళ్లు ఒక పరీక్షల ల్యాబ్‌లో పనిచేసిన మనిషి ఆవిడ. ఏడ్చే పిల్లల దగ్గరైనా, నరం దొరకని ముసలివాళ్ల దగ్గరైనా సూది గుచ్చిన సంగతి తెలియకుండా రక్తం తీసేది. అమెరికా వచ్చాక నా వీసా మీద ఆధారపడిన వీసా ఆవిడది. దాని మీద ఉండొచ్చు, తినొచ్చు, ఊపిరి పీల్చుకోవచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. అలా ఏడేళ్లు గడిచాయి. ఆ ఏడేళ్లలో కరివేపాకు మొక్కను మూడు కుండీలు మార్చింది, కర్టెన్లు నాలుగుసార్లు కుట్టింది, నేను ఆఫీసు నుంచి వచ్చే వేళకు కిటికీ దగ్గర నిలబడేది. గ్రీన్ కార్డు చేతికొచ్చిన వారంలోనే, ఆ పనికి ఇక్కడ రాయవలసిన పరీక్షకు పుస్తకాలు తెప్పించుకుంది. సెప్టెంబరులో మా కౌంటీ ఆసుపత్రిలో రక్త నమూనాలు తీసే పని దొరికింది. డ్యూటీ ఉదయం ఆరింటి నుంచి రెండున్నర దాకా. డాక్టర్లు రౌండ్లకు వచ్చేలోగా నమూనాలన్నీ ల్యాబ్‌కు చేరాలి కనుక ఆలస్యం కుదరదు. మొదటి మూడు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే ఉద్యోగం ఉండదని ముందే చెప్పారు. మొదటి వారం వేరే పార్కింగ్ లాట్‌లో కారు పెట్టి, తలుపు వెతుక్కోవడంలో ఒకటి అయిపోయింది. రెండోది ఆ శనివారానికి ముందు బుధవారం అయింది.

మా వీధి చివర చిన్న వాలు, దాని అడుగున స్టాప్ గుర్తు, దాని అవతల పెద్ద రోడ్డు. ఆ బుధవారం తెల్లవారుజామున తొలి మంచు పడింది. మా ఆవిడ వాలు సగంలోనే బ్రేక్ తొక్కిందట. కాలి కింద బ్రేకు గడగడలాడింది, కారు స్టాప్ గుర్తు దాటుకుని, అడ్డం తిరిగి, పెద్ద రోడ్డు మధ్యలో నిలబడింది. బ్రెడ్డు తీసుకెళ్లే ట్రక్కు ఒకటి హారన్ కొడుతూ రెండు బారల దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని ఆవిడ చేతుల వణుకు తగ్గేదాకా రోడ్డు పక్కన కూర్చుంది. చేతులు వణికితే చేయగలిగే పని కాదది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. సాయంత్రం తాళాలు నా ముందు బల్ల మీద పెట్టి, "మానేస్తానండీ," అంది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే వాళ్లే పొమ్మంటారు. అనిపించుకుని రావడం ఎందుకు?" గురు, శుక్రవారాలు నిద్రపోతున్న పిల్లను దుప్పటితో సహా వెనక సీట్లో పడుకోబెట్టి నేనే దింపి వచ్చాను. నా డ్యూటీ ఏడింటికి, ఊరికి అవతలి కొసన. అలా చలికాలమంతా నడవదని ఇద్దరికీ తెలుసు. ఆదివారం ఆవిడకు డ్యూటీ. శనివారం రాత్రికి ఆరంగుళాల మంచు పడుతుందని టీవీలో చెప్పారు. అందుకే ఆ సమావేశం.

నేను యథావిధిగా పేజీకి నిలువు గీత గీసి, ఒక పక్క 'అవసరం', ఒక పక్క 'అనవసరం' అని రాసుకున్నాను. మా కారు టెక్సాస్‌లో కొన్నది. టార్చిలైటు పట్టుకుని టైరు పక్కగోడ మీద అక్షరాలన్నీ చదివి వచ్చాను. ఆల్ సీజన్ అని ఉంది. బురదకు ఎమ్, మంచుకు ఎస్ అని గుర్తు కూడా ఉంది. పేరులోనే అన్ని కాలాలూ ఉన్నాయి కనుక 'అనవసరం' వైపు రెండు మార్కులు వేశాను.

"అంతే బావగారూ! ఆల్ సీజన్ అని రాశాక ఇంక డిస్కషన్ ఏముంది? స్లోగా డ్రైవ్ చేస్తే చాలు," అన్నాడు ఫోన్‌లో బావమరిది. అప్పటికి అతను చూసిన మంచు ఏడాదికో రోజుది, మిగతాదంతా ఫ్రిజ్‌లోదే.

మా ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అన్ని కాలాలంటే ఎన్నే?" అని పిల్లను అడిగింది.

"ఫోర్ అమ్మా. స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్."

"మనకి ఆరు. ఆ టైర్లు చేసినవాడికి మూడే తెలిసినట్టున్నాయి," అంది ఆవిడ.

నేను నవ్వలేదు. టైర్ల షాపు నుంచి తెచ్చిన కాగితంలో ఒక వాక్యం అప్పుడే కంటబడింది. నలభై అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీల కింద మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుందట, మంచు పడ్డా పడకపోయినా. డైరీ వెనక్కి తిప్పాను. అక్టోబరు మధ్య నుంచి ఆ అంకె దాటిన ఉదయాలు రెండే రెండు. 'ఎప్పుడో పనికొస్తుంది' అని నేను రాసుకున్న అంకెలే నాకు ఎదురు సాక్ష్యం చెప్పాయి. రెండు మార్కులూ కొట్టేసి, 'అవసరం' కింద గీత గీశాను.

"సరే బావగారూ, వేయించాలనే ఉంటే రెండు చాలు. మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా? లాగేది ముందు చక్రాలే. వెనకవి ఊరికే దొర్లుతాయి," అన్నాడు బావమరిది. అది నాకు చాలా సబబుగా తోచింది. 'రెండు. ముందు చక్రాలకు' అని రాసి, కింద సంతకం కూడా పెట్టాను.

"కారు కొన్నప్పుడు నిమ్మకాయలు ఎన్ని పెట్టామండీ?" అంది మా ఆవిడ.

"నాలుగు."

"ఎందుకూ? లాగేది ముందువేగా? రెండు పెట్టి ఊరుకోవలసింది."

"అక్కా, అది పూజ. ఇది ఫిజిక్స్," అన్నాడు ఫోన్‌లో తమ్ముడు.

"బుధవారం ఆ ఫిజిక్స్‌తో పాటు కార్లో ఉన్నది నేనురా. నువ్వు కాదు." ఆవిడ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. "ముందుది జారలేదండీ మొదట. వెనక నుంచి ఎవరో పట్టుకుని తోసినట్టు తిరిగిపోయింది. ఆ తరవాతే ముందుది కూడా పోయింది."

ఆ మాట విన్నాక నాకు సిగ్గేసింది. మూడు రోజులుగా టైరు పక్కగోడ చదివాను, రబ్బరు గుణం చదివాను, వాతావరణం చదివాను. ఆ రోజు స్టీరింగు పట్టుకున్న మనిషిని, అసలేం జరిగిందని మాత్రం అడగలేదు. 'రెండు' కొట్టేసి 'నాలుగు' అని రాశాను. దాని కింద సంతకం మా ఆవిడ చేత పెట్టించాను. డైరీలో ఆవిడ సంతకం ఉన్న పేజీ అదొక్కటే.

టైర్ల షాపులో మూడు గంటలు కూర్చున్నాం. అక్కడి ముసలాయనను, రెండే వేయమంటే ఏమంటారని, కేవలం తెలుసుకోవడానికి అడిగాను. "మేము వేయం," అన్నాడు. "ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం ఆగదు. అప్పుడు నువ్వు వచ్చిన దారిని చూసుకుంటూ ముందుకు వెళతావు." ఆ మాటను ఫోన్ చేసి మా బావమరిదికి అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. అతను, "నేను కూడా అదే చెబుదామనుకున్నా బావగారూ," అన్నాడు. కారు కిందికి దించాక మా ఆవిడ కోటు జేబులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి, ఒక్కో టైరు కింద ఒకటి సర్దింది. ముసలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాడు. "ఇది గ్రిప్ కోసమా?" అని అడిగాడు. వివరంగా చెబుదామని నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ, "ఎస్. ఫర్ గ్రిప్," అంది. ఆయన తల ఊపి, వెనక్కి జరిగి, దారి ఇచ్చాడు.

మర్నాడు ఉదయం అయిదింటికి లేచి చూస్తే టీవీవాళ్లు చెప్పిన ఆరంగుళాలూ పడి ఉన్నాయి. పరిశీలకుడిగా నేనూ వస్తానన్నాను. ఆవిడను ఆసుపత్రి దగ్గర దింపి, కారు వెనక్కి తెచ్చుకుని, మళ్లీ రెండున్నరకు వెళ్లాలని ఏర్పాటు. పిల్ల దుప్పటితో సహా వెనక సీట్లోకి చేరింది. డ్రైవర్ సీట్లో ఆవిడే కూర్చుంది. వాలు మొదట్లోనే, "బ్రేక్ మెల్లగా..." అన్నాను. "మీరు మాట్లాడకండి," అంది. కారు వాలు మీద మంచును నొక్కుకుంటూ, కొత్త చెప్పులు వేసుకున్నవాడిలా చప్పుడు చేస్తూ దిగింది. స్టాప్ గుర్తు దగ్గర, ఆగవలసిన చోటికి ఒక బార ఇవతలే ఆగింది. ఖాళీ రోడ్డుకు అటూ ఇటూ ఆవిడ అవసరమైనదానికన్నా చాలాసేపు చూసింది. తరవాత కుడివైపు తిప్పింది.

అయిదూ నలభైకి ఆసుపత్రి ముందు పెట్టింది. ఇంజన్ ఆపి, బ్యాగు భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఉద్యోగుల తలుపులోంచి లోపలికి వెళ్లిపోయింది. నేను దిగి, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాక చూస్తే తాళం లేదు. అలవాటు కొద్దీ జేబులో వేసుకుని వెళ్లింది. ఇంటి తాళమూ ఆ గుత్తిలోనే ఉంది. పైజామాలోనూ మంచు బూట్లలోనూ ఉన్న పిల్లను లేపి లాబీలోకి తీసుకెళ్లాను. సంగతి విని కౌంటర్ దగ్గరున్న ఆవిడ, "మైకులో పిలిపించనా?" అంది. పిల్ల నా చెయ్యి లాగి, "పిలువు నాన్నా! అమ్మ వన్ మినిట్‌లో వచ్చేస్తుంది," అంది. అప్పటికి ఆరు కావడానికి ఏడు నిమిషాలుంది. వద్దన్నాను. ఎందుకని అడిగితే, "అమ్మ పనిలో ఉంది," అన్నాను. ఆ వాక్యం మా ఇంట్లో నేను అనడం అదే మొదటిసారి.

పిల్ల అక్కడున్న బొమ్మల పుస్తకాలన్నీ చదివేసింది, మిషన్‌లో దొరికే బిస్కట్లు తింది, నా ఒళ్లో రెండు నిద్రలు పోయింది. డైరీ ఇంట్లో ఉండిపోయింది. రాసుకోవడానికి ఏమీ లేక నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండూ ముప్పై అయిదుకు మా ఆవిడ ఇద్దరు తోటివాళ్లతో నవ్వుతూ వచ్చి, మమ్మల్ని చూసి ఆగిపోయింది. జేబు తడుముకుంది. "అయ్యో, పిలిపించకపోయారా?" అని, అంతలోనే, "ఇవాళ నలభై రెండు మందికి తీశానండీ, రోజు ఎలా గడిచిందో తెలియలేదు," అంది. ఎదురుచూసేవాళ్ల గంటా పనిచేసేవాళ్ల గంటా ఒకే పొడుగుండవని నాకు ఆ ఆదివారం తెలిసింది. ఆవిడకు అప్పటికి ఏడేళ్లుగా తెలుసు.