దుర్గయ్య చెవులు, రాజవ్వ కమ్మలు

ఖరీదైన డిస్కు ప్లేయర్లో పాట ఒక రకంగా, చవక ప్లేయర్లో మరో రకంగా వినబడుతుందని, ఆ తేడా తన చెవులకు తెలిసినట్టు బొంబాయిలో ఇంకెవరి చెవులకూ తెలియదని దుర్గయ్య నమ్మకం. అది మామూలు నమ్మకం కాదు. దేవుణ్ణి కూడా మనం అంత గట్టిగా నమ్మం. కామాఠిపురా పదకొండో గల్లీలోని మా చాల్‌లో, అంటే గదికో కుటుంబం ఉండే కట్టడంలో, నలభై రెండు గదులున్నాయి. ఆ నలభై రెండు గదుల వాళ్లకూ ఏదో ఒక రోజు, ఏదో ఒక పని చెడగొట్టి మరీ ఈ సంగతి వివరంగా చెప్పాడు. నాది పక్కగది కాబట్టి నాకు రోజూ చెప్పాడు.

నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నా చెవులు పిల్లల గోలకూ బడిగంటకూ అలవాటు పడ్డవి. పాట వస్తోందా రావడం లేదా అన్నంతవరకే వాటికి తెలుసు. ఒకసారి పొరపాటున ఆ మాట దుర్గయ్యతో అన్నాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సారూ, గీ మాట బయట అనకుండ్రి. సదువు చెప్పినోళ్లు, ఇజ్జత్ పోతది."

ఈ విద్య అతనికి ఎక్కడ అబ్బిందో చెప్పాలి. మహబూబ్‌నగర్ నుంచి ఇళ్లు కట్టే పనికి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. తాత రాళ్లు మోశాడు, తండ్రి గోడలకు రంగులు వేశాడు. దుర్గయ్య మాత్రం లామింగ్టన్ రోడ్డులో పాటల మిషన్లు అమ్మే ఒక పెద్ద షోరూములో ప్యూనుగా చేరాడు. అద్దాల గది, ఏసీ, కింద మెత్తటి తివాచీ. కార్లలో వచ్చిన సేట్లు కళ్లు మూసుకుని పాట వింటుంటే, దుర్గయ్య చాయ్ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి కళ్లు తెరుచుకుని వినేవాడు. ఇరవై ఆరేళ్లు అలా నిలబడే విన్నాడు. జనం ఫోన్లలో పాటలు వినడం మొదలుపెట్టాక షోరూము మూతపడింది. యజమాని పోతూ పోతూ, అద్దాల బీరువాలో నమూనాకు పెట్టిన డిస్కు ప్లేయరునూ దాని తాలూకు ఆంప్లిఫయరునూ స్పీకర్లనూ దుర్గయ్యకు ఇచ్చేశాడు.

"ఇరవయారేండ్లల్ల ఒక్కపారి గూడ చాయ్ ఒలకబోయలే. గందుకిచ్చిండు" అంటాడు దుర్గయ్య.

ఒక్క ప్లేయరే పద్నాలుగు కిలోలు. అది మూడో అంతస్తుకు ఎక్కిన రోజున అతని భార్య యాదమ్మ బియ్యం డబ్బాను గదిలోంచి గ్యాలరీలోకి, అంటే గదుల ముందుండే వసారాలోకి, మార్చింది. పదేళ్లయింది, ఆ డబ్బా ఇంకా గ్యాలరీలోనే ఉంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. రెండు స్పీకర్లకూ వినేవాడికీ మధ్య దూరం మూడువైపులా సమానంగా ఉండాలని షోరూము నియమమట. దుర్గయ్య బట్టలారేసే తాడు విప్పి తెచ్చి కొలిచాడు. మా గదులు పదికి పన్నెండు అడుగులు. ఒక మూల చిన్న గట్టు కట్టి, నీళ్లు పోవడానికి తూము పెట్టిన జాగా ఉంటుంది. దాన్ని మోరీ అంటాం. గిన్నెలు తోమేది అక్కడే, బట్టలు ఉతికేది అక్కడే, స్నానం అక్కడే. స్పీకర్లను ఎటు జరిపినా దుర్గయ్య తాడు కొస మాత్రం తిన్నగా వెళ్లి మోరీలో పడింది. అంటే పాట బాగా వినాలంటే మోరీలో కూర్చోవాలి. అతను ఒక్క క్షణం కూడా సందేహించలేదు. బకెట్ బోర్లించి దానిమీద తువ్వాలు పరిచాడు.

"సుట్టాలొస్తే అందరిండ్లల్ల సాప ఏస్తరు. మా ఇంట్ల మోరీల బకెట్ బోర్లిస్తరు" అని యాదమ్మ కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది.

దాదర్ నుంచి తెలుగు సంఘం పెద్దమనిషి ఒకాయన ఉగాది సభకు పిలవడానికి వచ్చాడు. తెల్లటి పంచె, కండువా. ఆయన నోరు తెరిచేలోపలే దుర్గయ్య తీసుకెళ్లి బకెట్ మీద కూర్చోబెట్టి పాట పెట్టాడు.

"తబలా ఆయన ఏడ కూసున్నడో చెప్పుండ్రి."

పెద్దమనిషి గదంతా చూశాడు. "ఎవరూ లేరు కదండీ."

"కండ్లు మూసుకొని సూడుండ్రి."

పాపం, మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పైనున్న కుళాయి నుంచి ఒక చుక్క ఆయన మెడ మీద పడింది. "ఆఁ, ఇక్కడేదో చల్లగా తగిలిందండీ" అన్నాడు.

"గదే" అన్నాడు దుర్గయ్య తృప్తిగా. "ఖరీదు మిషన్ల పాట సల్లగ తగుల్తది. మా సారుకు గిది సమజ్ కాదు."

ఆ పెద్దమనిషి పంచెకు గుండ్రటి మరకతో దాదర్ వెళ్లిపోయాడు. మరుసటి ఉగాదికి పిలుపు పోస్టులో వచ్చింది.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. దుర్గయ్యకు షుగరు ఉంది. కాళ్లకు దెబ్బ తగలకూడదని డాక్టరు మెత్తటి చెప్పులు రాసిచ్చాడు, ఇంట్లో కూడా విప్పొద్దన్నాడు. దుర్గయ్య ఆ చెప్పులతోనే తింటాడు, గ్యాలరీలో తిరుగుతాడు, మా ఇంట్లోకీ వస్తాడు. విప్పేది రెండే చోట్ల. దేవుడి పటం ముందు, తన మిషన్లో పాట మొదలైనప్పుడు. పటం ముందు గుర్తుపెట్టుకుని విప్పుతాడు. పాటప్పుడు మాత్రం వాటంతటవే జారిపోతాయి. ముందు ఎడమది, తర్వాత కుడిది. చవక మిషన్ ఏదైనా మోగుతుంటే చెప్పుల మీదే ఉండి ముఖం చిట్లిస్తాడు.

అతనికి ఎదురు మాట్లాడేవాడు చుట్టుపక్కల ఒక్కడే. కిరణ్. ఫోరస్ రోడ్డులో రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. ఇద్దరికీ వారానికోసారి యుద్ధం.

"మామా, డిస్కుల ఉన్నయి నంబర్లు. చవక మిషన్ గవే సదువుతది, ఖరీదు మిషన్ గవే సదువుతది. ఫరక్ ఏడికెల్లి వస్తది?"

"ఒక్కటే ఉత్తరం నువ్వు సదువుతవ్, సారు సదువుతడు. ఒక్కతీరుంటదారా?"

"మతలబ్ ఒక్కటే కద."

"మతలబ్ కోసరం ఎవడన్న పాటింటడా?"

నేను తీర్పు చెప్పకుండా చాయ్ తాగేవాణ్ణి. పదేళ్లు ఇలా హాయిగా గడిచాయి, రాజవ్వ ప్లేయరు చెడిపోయేదాకా.

రాజవ్వ కింది అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. ఆమె భర్త నర్సింహులు మేస్త్రీ, మా చాల్ భజన జట్టుకు పెద్దగొంతు. దుర్గయ్యకు అన్నలాంటివాడు. పోయి నాలుగేళ్లయింది. ఒక భజనలో ఆయన పాడినదాన్ని ఎవరో డిస్కు చేసి ఇచ్చారు. రాజవ్వ రోజూ దీపం పెట్టే వేళకు, అరచేతిలో పట్టేటంత ప్లాస్టిక్ ప్లేయర్లో అది పెట్టుకుని వింటుంది. ఒక రోజు అది మొరాయించింది. డిస్కు కొంగులో చుట్టుకుని ఆమె మూడంతస్తులు ఎక్కి దుర్గయ్య గదికి వచ్చింది.

దుర్గయ్య మర్యాదగా మోరీలో కూర్చోబెట్టి డిస్కు పెట్టాడు. పాట కంటే ముందు, నర్సింహులు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్న చప్పుడు గదిలో వినబడింది. నా మొద్దు చెవులకు కూడా వినబడింది. రాజవ్వ బకెట్ మీంచి లేచి నిలబడింది.

"ఊపిరి" అంది. "గాయన ఊపిరి."

మర్నాడు కిరణ్ ఆమె ప్లేయరు బాగుచేసి ఇచ్చాడు. పాట వచ్చింది గానీ ఊపిరి రాలేదు. అది గర్‌ర్‌మనే శబ్దం కింద ఎక్కడో పడిపోయింది. రాజవ్వ మళ్లీ మెట్లెక్కి వచ్చి, పెద్ద మిషన్ కొంటానని, ఆదివారం నాగ్‌పాడా బంగారం దుకాణంలో తన కమ్మలు అమ్ముతానని చెప్పింది. అవి నర్సింహులు మేస్త్రీ అయిన తొలి ఏడాది చేయించిన కమ్మలు. ఆమె ఒంటిమీద మిగిలిన బంగారం అంతే.

దుర్గయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "వద్దు వదినె. నా మిషనే తీస్కపో."

"ఊకెనే ఎట్ల తీస్కుంట?"

"అయితే రోజు మా ఇంటికొచ్చి ఇను."

"మందింట్ల, మోరీల కూసొని మొగని పాట ఇనాల్నా?"

"అసల్ నీ మిషన్ గూడ మస్తుగుంటది వదినె. ఏం ఫరక్ లేదు."

రాజవ్వ అతని వంక ఎగాదిగా చూసింది. "పదేండ్ల సంది ఫరక్ ఉన్నదని మా తలకాయలు తిన్నది నువ్వే కద దుర్గయ్యా."

పదేళ్లలో అతను నోరు మూసుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. ఆమె వెంటే వచ్చిన కిరణ్ ఆ సందులో దూరి, ఫరక్ లేదనే తాను మొదట్నుంచీ చెబుతున్నానన్నాడు. చివరికి రాజవ్వే తేల్చేసింది.

"కండ్లకు గుడ్డ కట్టుకొని చెప్పు దుర్గయ్యా. ఏది ఏ మిషనో నువ్వు పట్టుకుంటే నా కమ్మలు అమ్ముత. పట్టుకోకుంటే బస్, నాకున్నదే నాకు."

ఆదివారం పొద్దున, కుళాయి నీళ్లు వెళ్లిపోయాక పరీక్ష పెట్టారు. కిరణ్ డిస్కుకు నకలు చేసి తెచ్చాడు. రెండు ప్లేయర్లనూ దుర్గయ్య ఆంప్లిఫయరుకే కలిపి, శబ్దం సమానం చేసి, యాదమ్మ చీర అడ్డం కట్టాడు. ఏది ఎప్పుడు పెట్టేదీ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. మొత్తం పదిసార్లు. దుర్గయ్య కళ్లకు తువ్వాలు కట్టుకుని మోరీలో బకెట్ మీద కూర్చున్నాడు. గ్యాలరీ అంతా జనం. రాజవ్వ గడప దగ్గర కూర్చుంది. కమ్మలు అప్పటికే విప్పి రుమాలులో ముడివేసి పట్టుకుంది. బోసి చెవులతో ఆమె నాకు కొత్త మనిషిలా అనిపించింది, చూడబుద్ధి కాలేదు.

మార్కులు వేయడం నా పని. పలక పట్టుకుని మోరీ గట్టు పక్కన నేలమీద కూర్చున్నాను. నా కళ్ల ఎదురుగా దుర్గయ్య పాదాలు తప్ప మరేమీ లేవు.

మొదటిసారి నర్సింహులు పాడాడు. దుర్గయ్య ఎడమ చెప్పు జారింది, తర్వాత కుడిది.

"చవకది" అన్నాడు దుర్గయ్య.

నేను రాసుకున్నాను. రెండోసారి చెప్పులు కదల్లేదు. "ఆహా, గిది ఖరీదుది" అన్నాడు తల ఊపుతూ. మూడోసారి మళ్లీ జారాయి. "ఛీ, గిది చవకది." నాకు అనుమానం వచ్చింది. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, పలకను రెండుగా గీసి, కుడివైపు నోరు చెప్పింది, ఎడమవైపు పాదాలు చెప్పింది రాస్తూ పోయాను.

పది అయ్యాక కిరణ్ జేబులోంచి కాగితం తీసి గట్టిగా చదివాడు. పదికి పదీ తప్పు. ఒక్కటంటే ఒక్కటి కూడా తగల్లేదు. గ్యాలరీ గ్యాలరీ అంతా ఘొల్లున నవ్వింది. ఇన్నాళ్లూ మోరీలో నానినవాళ్లందరూ ఆ రోజు కసి తీర్చుకున్నారు. యాదమ్మ బియ్యం డబ్బా లోపలికి తెస్తానని బయలుదేరింది.

నేను పలక చూసుకున్నాను. కుడివైపు సున్నా. ఎడమవైపు పదికి పది. ఎవరూ చూడకముందే అరచేత్తో తుడిచేశాను. ముప్పై ఏళ్లలో నేను ఎవరి మార్కులూ మార్చలేదు, అదొక్కటే.

రాజవ్వ రుమాలు ముడి విప్పి కమ్మలు పెట్టుకుంది. ఆమె ముఖంలో అంత వెలుగు నర్సింహులు పోయాక నేను చూడలేదు. "నా మిషన్‌ను అయిదుపార్లు ఖరీదుదన్నడు. ఇన్నరా అందరు?" అని అడిగి మరీ మెట్లు దిగింది.

కిరణ్ మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు లాగాడు. "సార్, కండ్లు మూసుకొని ఏదో ఒకటి అన్నా నాలుగైదు తగల్తయి. పదికి పది తప్పు చెప్పాల్నంటే..."

"పదీ తెలియాలి" అన్నాను.

వాడు కాగితం మళ్లీ మొదట్నుంచీ చదువుకున్నాడు. "మరి నేను గెల్చిన్నా, ఓడిన్నా?"

"గెలిచావు. నోరు మూసుకుని ఇంటికి పో."

జనం వెళ్లాక దుర్గయ్య పక్కన కూర్చున్నాను. అతను చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంటున్నాడు. నేనే దగ్గరికి జరిపాను. నాకు తెలిసిపోయిందని అతనికీ తెలిసిపోయింది.

"ఆమె మిషన్ల ఊపిరి రాదు సారూ, నిజమే. గాని మా అన్న కష్టపడి చేయించిన కమ్మలు ఒక్క ఊపిరి కోసరం పోవాల్నా? తప్పు నాదే. గా దినం నేనే ఇనిపిస్తి." నా చెయ్యి పట్టుకున్నాడు. "గాని మీరు ఒక్కటి యాదికి పెట్టుకోండ్రి. ఫరక్ ఉన్నది. పక్కా ఉన్నది."

ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో ఎలా చెప్పను? ఇరవై ఆరేళ్లు నిలబడి సంపాదించుకున్న పేరును ఒక్క పూటలో మోరీలో పారబోశాడు.

అలాగని బాగుపడ్డాడనుకునేరు. వారం తిరక్కుండానే రెండో అంతస్తులో కొత్తగా దిగినవాళ్లను బకెట్ ఎక్కించాడు. బియ్యం డబ్బా మళ్లీ గ్యాలరీలోకి వచ్చింది. కింది అంతస్తులో మాత్రం ఈ విషయం ఎత్తడు.

అతను ఎత్తకపోతే రాజవ్వ ఊరుకుంటుందా? ఇప్పుడు ఆ పిచ్చి ఆమెకు పట్టింది. దుర్గయ్య చెవులు పాడయ్యాయని, వాటికి అలవాటు చేయాలని, ప్రతి ఆదివారం తన ప్లాస్టిక్ ప్లేయరు కొంగులో కట్టుకుని మూడంతస్తులు ఎక్కి వస్తుంది. మోరీలో అతన్ని కూర్చోబెట్టి, తాను ఎదురుగా పీట వేసుకుని, తల వంచి కమ్మలు సర్దుకుని పాట పెడుతుంది. మొన్న ఆదివారం నేనూ ఉన్నాను. పాట ఇంకా మొదలవలేదు, గర్‌ర్‌మని శబ్దం వస్తోంది. రాజవ్వ వేలు పైకెత్తింది.

"గిప్పుడు. ఊపిరి. ఇనబడ్డదా?"

నాకేమీ వినబడలేదు. దుర్గయ్య కళ్లు మూసుకుని తల ఊపాడు. "ఇనబడ్డది వదినె."

అబద్ధమనుకుని, అలవాటు కొద్దీ కిందికి చూశాను. ఎడమ చెప్పు జారిపోయి ఉంది. నేను చూస్తుండగానే కుడిది కూడా జారింది.

అతను కళ్లు తెరిచాడు, నేను చూడటం చూశాడు. "ఉక్కపోస్తున్నది సారూ" అన్నాడు.