ఒంట్లో ఎలా ఉంది?

కంపెనీ పెట్టానని చెప్పినప్పుడు మా బంధువుల్లో సగంమంది నేను మందుల షాపు తెరిచాననుకున్నారు. హనుమాన్ జంక్షన్‌లో ఉండే మా మేనత్తయితే, బీపీ బిళ్ళలు కాస్త రేటు తగ్గించి ఇప్పించమని ఫోన్ చేసింది. నాకు ఒళ్ళు మండింది. పదమూడేళ్ళు ల్యాబులో కూర్చుని, క్యాన్సర్ కణం ఏ దారిన పెరుగుతోందో పట్టుకుని, ఆ దారి మూసే రసాయనాన్ని తయారుచేస్తే, చివరికి నాకు దక్కిన పేరు మెడికల్ షాపు ఆవిడ.

నిజానికి వ్యాపారం చేయాలన్న కోరిక నాకెప్పుడూ లేదు. పరిశోధన పత్రం అచ్చయింది, చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ తర్వాత ఆ పత్రం, శాలువా రెండూ బీరువాలోకి వెళ్ళిపోయాయి. పెద్ద మందుల కంపెనీల చుట్టూ తిరిగాను. మనుషుల మీద పరీక్షించి రండి, అప్పుడు చూద్దాం అన్నారు. అందుకోసమే కదండీ మీ దగ్గరికొచ్చింది అంటే, నవ్వి టీ ఇప్పించారు. ఆ కోపంతోనే విజయవాడ ఆటోనగర్ వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని బోర్డు తగిలించాను. నా మొండితనం గురించి మా ఆయన ఇప్పటికీ మా పిల్లలకు కథలుగా చెబుతుంటాడు.

ఏళ్ళు పట్టింది కానీ, మందు బిళ్ళ రూపంలోకి వచ్చింది. అనుమతులు వచ్చాయి. నగరంలో ఒక ఆసుపత్రివాళ్ళు, ఇక ఏ మందుకూ లొంగని రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళకు దాన్ని ఇచ్చి చూడడానికి ఒప్పుకున్నారు. తొలి దశలో ముఖ్యంగా చూసేది జబ్బు తగ్గిందా అని కాదు, మనిషి ఎంత మోతాదు తట్టుకోగలడని. ముగ్గురికి తక్కువ మోతాదు ఇచ్చి, నెల రోజులు గమనించి, ఇబ్బంది లేకపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతారు. ఆ రోగులెవరో నాకు తెలియకూడదు. నా దగ్గరికి వచ్చేవి నంబర్లే.

వాళ్ళు ఇంటి దగ్గర రోజూ రాయడానికి ఒక డైరీ ఇస్తారు. దానికి అనువాదం చేసేవాళ్ళు పంపిన తెలుగు చూసి నాకు చిర్రెత్తుకొచ్చింది. ‘గడచిన ఇరవై నాలుగు గంటలలో మీకు కలిగిన ప్రతికూల లక్షణములను నమోదు చేయుడు’ అట. ఇది చదివి మనవాళ్ళకు కొత్త జబ్బు వస్తుందని గొడవపడి, మొత్తం కొట్టేసి నేనే రాశాను: ‘ఈరోజు ఒంట్లో ఎలా ఉంది?’ కింద మూడు గీతలు. ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను. పరీక్షను పర్యవేక్షించే కమిటీవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. అట్టకు లేత పచ్చరంగు కూడా నేనే ఎంచాను.

రెండో మోతాదు ముగ్గురికీ నెల ముగిసే రోజు అది. మధ్యాహ్నం మూడింటికి మీటింగు, మూడో మోతాదుకు వెళ్ళడమా మానడమా అని. వెళతామనే అందరి నమ్మకం. ఇద్దరి డైరీలు వచ్చేశాయి, ఒక్క ఇబ్బందీ లేదు. మూడో ఆవిడ డైరీ ఆ రోజు రావాలి. పెంచిన మోతాదు మింగడానికి ఇంకో ముగ్గురు సంతకాలు పెట్టి సిద్ధంగా ఉన్నారు.

ముందురోజు మేనత్తను చూడడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. కారు షెడ్డులో ఉంది. పొద్దున్నే హనుమాన్ జంక్షన్‌లో విజయవాడ బస్సెక్కాను. నా పక్కన అరవై ఏళ్ళ ఆవిడ వచ్చి కూర్చుంది. తలకు పల్చటి స్కార్ఫు, ఒళ్ళో గుడ్డసంచి. బస్సు కదిలిందో లేదో నా పైట చెంగు పట్టుకుని, బొటనవేలితో రుద్ది చూసింది.

“ఏమనుకోమాకమ్మా, అలవాటు. మాది చీరల వ్యాపారం. ఒకప్పుడు మగ్గాలుండేవి. ఇదివరకైతే కళ్ళు మూసుకుని నూలు ఎంత సన్నమో, ఎన్నో కౌంటో చెప్పేదాన్ని. ఇప్పుడు పట్టుకున్నట్టే తెలీట్లా” అని నవ్వింది. నేనూ నవ్వాను. వయసు అనుకున్నాను.

గన్నవరం దగ్గర పడుతుండగా ఆవిడ సంచిలోంచి లేత పచ్చ అట్ట డైరీ తీసింది.

నేను రంగు ఎంచిన అట్టే. లేచి వేరే సీటులోకి వెళ్ళిపోవాలి. నియమం అదే. కానీ బస్సు కిటకిటలాడుతోంది, ఆవిడ అప్పటికే పెన్ను నా చేతికి అందిస్తోంది.

“కాస్త రాసిపెడతావా అమ్మా? చివరి పది రోజులూ రాయలేదు. పెన్ను జారిపోతంది. ఆస్పత్రిలో ఇచ్చేయాలి ఇయ్యాళ. అన్నిటికీ బాగానే ఉంది అని రాసెయ్.”

ఇది ఒప్పుకోవడం నాకు తేలిక కాదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ కాగితం మీద, నా ప్రశ్న కింద, నా చేత్తో నేనే ‘బాగానే ఉంది’ అని ఒక రోజుకు రాశాను. పెద్దావిడ అడిగింది, చెయ్యి కదిలింది. రెండో రోజు దగ్గర పెన్ను ఆగింది. పెన్ను ఎందుకు జారిపోతోంది?

వెనక పేజీలు తిప్పాను. వంకర అక్షరాలతో ఇరవై రోజులు. బాగానే ఉంది. బాగానే ఉంది. బాగానే ఉంది. పోనుపోను అక్షరాలు కీటకాల్లా గీతలు దాటి పాకుతున్నాయి. వేళ్ళు చచ్చుబడుతున్నాయని ఆ చేతిరాతే చెబుతోంది. రాసిన మాట మాత్రం మారలేదు. ఇక్కడ పుట్టి పెరిగినదాన్ని నేను. ఒంట్లో ఎలా ఉంది అని మనవాళ్ళను ఎవరడిగినా వచ్చే జవాబు ఒక్కటే కదా! పాడె మీద పడుకోబెట్టి అడిగినా బాగానే ఉందనే అంటారు. ఆ వికారపు అనువాదమే ఉంచి ఉంటే, కనీసం అర్థంకాక నర్సునైనా అడిగి ఉండేవాళ్ళు.

“వేళ్ళు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి పిన్నిగారూ?” అన్నాను. అంతకుముందు చేయించుకున్న క్యాన్సర్ ఇంజెక్షన్ల వల్లే అని చెప్పాలని లోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

“ఈ బిళ్ళలు మొదలెట్టిన రెండో వారం నుంచి. ముందు కాళ్ళు తిమ్మిరెక్కాయి. చెప్పు ఊడిపోయినా తెలీదు. మొన్న వేడి గిన్నె పట్టుకున్నా.” అరచెయ్యి చూపించింది. మూడు వేళ్ళ మీద బొబ్బలు చితికి ఉన్నాయి. ముందు ఎలుకల మీద పరీక్షించినప్పుడు ఇదేదీ కనబడలేదు. తిమ్మిరిగా ఉందని ఎలుక చెప్పదు.

“డాక్టరుగారికి చెప్పలేదా?”

“ఎందుకు చెప్తానమ్మా? ఎవరో మన విజయవాడ అమ్మాయేనంట ఈ మందు కనిపెట్టింది. పెళ్ళి కూడా మానుకుని కనిపెట్టిందంట పాపం. మన పిల్ల మందుకి మనమే వంకలు పెడితే ఏం బావుంటది?”

నా పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఇంకోచోటయితే పకపకా నవ్వేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి ఈ డైరీ చూసి మేమంతా తల ఊపేవాళ్ళం. సంతకాలు పెట్టిన ఆ ముగ్గురూ ఇంతకంటే ఎక్కువ మింగేవాళ్ళు. మిగతా ఇద్దరి డైరీలు కూడా ఇలాంటివే కాదని ఎవరు చెప్పగలరు?

“ఆ అమ్మాయిని నేనే పిన్నిగారూ” అన్నాను. చెప్పకూడదని తెలుసు. ఆగలేకపోయాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందకు చూసింది. మెళ్ళో నల్లపూసలు చూసి కాస్త నిరాశపడినట్టుంది. తర్వాత మొహం విప్పారింది. నా వైపు ఒరిగి గొంతు తగ్గించింది.

“మరింకేం? నువ్వే రాసేసుకో తల్లీ. నీ మందేగా. నేను ఎవరికీ చెప్పను.”

నేను హడలిపోయాను. ఆవిడ అన్న మాటకు కాదు. ఒక్క క్షణం నా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయినందుకు. రెండు గదులు, కంపెనీ బోర్డు, పదమూడేళ్ళు, పెట్టుబడి పెట్టినవాళ్ళ మొహాలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ క్షణాన్ని నేను ఇంతవరకు మా ఆయనకు కూడా చెప్పలేదు.

రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో బస్సు నిలబడి ఉండగా ఆసుపత్రిలో ఈ పరీక్ష చూస్తున్న డాక్టరుగారికి ఫోన్ చేశాను. పెద్దావిడతో పాటు దిగి, ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాను. నేను రాసిన వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, ఇది నాది, అబద్ధం అని చెప్పాను. డాక్టరుగారు ఆవిడను కళ్ళు మూసుకోమని, కాలివేళ్ళను ఒక్కొక్కటే సూదిమొనతో తాకారు. ఎక్కడ తాకుతున్నారో ఆవిడ ఒక్కసారీ చెప్పలేకపోయింది. మిగతా ఇద్దరికీ అక్కడినుంచే ఫోన్లు చేయించాం. ఒంట్లో ఎలా ఉందని కాదు, జాకెట్టు హుక్కులు పెట్టుకోగలుగుతున్నారా అని అడగమన్నాను. ఒకావిడకు కోడలు పెడుతోందట. రెండో ఆవిడ హుక్కుల జాకెట్లే మానేసిందట. మూడింటి మీటింగు రెండు నిమిషాల్లో ముగిసింది. మోతాదు పెంచలేదు.

ఆవిడకు బిళ్ళలు ఆపేయమని డాక్టరుగారు చెబుతున్నప్పుడు నేను గది మూలన నిలబడి ఉన్నాను. తిమ్మిరి మెల్లగా తగ్గొచ్చని, కొన్నాళ్ళు వేడివస్తువులు ముట్టుకోవద్దని చెప్పారు. ఆవిడ అన్నిటికీ తలూపింది. చివరికి ఆయన్ను వదిలేసి నా వైపు తిరిగింది.

“మరి దీని బదులు నాకేం ఇస్తారమ్మా?”

వేరే మందులన్నీ అయిపోయాకే ఆవిడ నా మందు దాకా వచ్చింది. అది నేను రాసిన నియమమే, పరీక్ష పత్రాల మొదటి పేజీలోనే ఉంటుంది. “ఇంకేం లేదు పిన్నిగారూ” అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

“నిజం రాస్తే ఇదే చెప్తారని నాకు తెలుసమ్మా” అంది. “అందుకే రాయలా.”